తాళం వేసిన పెట్టె

మా నాయన మొలతాడుకు రెండు వస్తువులు వేలాడుతుండేవి. ఒకటి తాయెత్తు, రెండోది మోటారు పెట్టె తాళంచెవి. తాయెత్తు ఎందుకు కట్టారో ఆయనకే గుర్తు లేదు. తాళంచెవి మాత్రం స్నానానికి పోయినా, పెళ్ళికి పోయినా ఆయన ఒంటి మీదే ఉండేది. ఒకసారి కడుపులో గడ్డకు ఆపరేషన్ చేయాల్సి వస్తే నర్సు వచ్చి ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదంది. తాయెత్తు వెంటనే తీసిచ్చాడు. తాళంచెవి దగ్గర ఆగిపోయి, "ఇది తీస్తే మోటారు ఎవుడో ఒకడు ఏస్తాడమ్మా" అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. చివరికి దాన్ని నా చేతిలో పెట్టి, తను కళ్ళు తెరిచేదాకా పిడికిలి విప్పొద్దని చెప్పి లోపలికి వెళ్ళాడు.

ఉదయగిరి వైపు బోరున్న వాళ్ళెవరికీ ఇది వింతగా అనిపించదు. బోరు పక్కన ఒక ఇనప పెట్టె ఉంటుంది. అందులో స్టార్టరు, దానికి ఒక పచ్చ బటన్, ఒక ఎర్ర బటన్. పచ్చది నొక్కితేనే మోటారు తిరుగుతుంది. కాబట్టి పెట్టెకు తాళం వేసి చెవి మొలకు కట్టుకుంటే ఇక మోటారు తిరగదు. మోటారు పైకి లాగాలన్నా, పైపు మార్చాలన్నా, వైరు అతకాలన్నా ముందు చేసే పని అదే. ఆ తర్వాత తీగ పట్టుకోవడానికి ఎవరూ భయపడరు. అసలైతే ఫ్యూజులు పీకాలి. కానీ మా వైపు పెట్టెల్లో ఫ్యూజులుండాల్సిన చోట ఎప్పుడో లావుపాటి రాగి తీగ చుట్టేసి ఉంటారు. పీకడానికి అక్కడేమీ ఉండదు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పలేదు. అందరూ చూసి నేర్చుకున్నారు. నేనూ చూశాను.

ఈ సంగతి మొదటే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత ఎవరూ "పాపం, ఆమెకు తెలియదు" అనకుండా ఉండడానికి.

నేను మొబైల్ స్టార్టర్లు తయారుచేస్తాను. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అది టిఫిన్ బాక్సంత ఉంటుంది. లోపల ఒక సిమ్ కార్డు. దాన్ని స్టార్టరుకు కలిపి పెడితే రైతు ఇంట్లో కూర్చుని ఆ నంబరుకు ఫోన్ చేస్తాడు. పెట్టె ఫోనెత్తి మోటారు వేస్తుంది. మళ్ళీ చేస్తే ఆపుతుంది. మా నాయన కరెంటు వచ్చిందో లేదో చూసి రావడానికి రోజుకు మూడుసార్లు పొలానికి నడిచేవాడు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివిన కూతురు ఇంట్లో ఉండి కూడా ఆయన అలా నడవడం నాకు నచ్చలేదు. మొదటి పెట్టె ఆయన కోసమే చేశాను. చాలా మెచ్చుకున్నాడు. నడవడం మాత్రం మానలేదు. ఇంట్లోంచి ఫోన్ చేసి మోటారు వేసి, నిజంగా పడిందో లేదో చూడ్డానికి నడిచేవాడు.

పెళ్ళయ్యాక ఆత్మకూరు వచ్చాను. మా ఆయనకు బస్టాండు దారిలో ఫ్యాన్లు, వైర్లు, మోటారు సామాన్లు అమ్మే కొట్టుంది. కొట్టు వెనక గదిలో నేను పెట్టెలు చేస్తాను, ముందు ఆయన అమ్ముతాడు. బోర్డు మీద ఆయన పేరుంది. పెట్టె మీద ఉదయించే సూర్యుడి బొమ్మ ఉంది, అది కూడా ఆయనే ఎంచాడు. నా పేరు ఎక్కడా లేదు. సీతారామపురం నుంచి బస్సు పట్టుకుని వచ్చిన రైతు, సాల్డరింగ్ పొగలో కూర్చున్న నన్ను చూసి, "సార్ లేడామ్మా?" అంటాడు. "టీకి పోయినాడు, కూర్చోండి" అంటాను. కూర్చుంటాడు. మంచినీళ్ళు అడుగుతాడు. మా ఆయన వచ్చాక పెట్టెలో ఏం తేడా వచ్చిందో ఆయనకు చెబుతాడు. ఆయన నా వైపు తిరిగి అదే మాట నాకు చెబుతాడు. నేను జవాబు ఆయనకు చెబుతాను. ఆయన అది రైతుకు చెబుతాడు. ముగ్గురమూ ఒకే బల్ల దగ్గర ఉంటాం. ఆరేళ్ళు ఇలా నడిచింది. కోపం వచ్చేది కాదని అనను. వచ్చిన రోజు ఎవరితోనూ మాట్లాడకుండా రెండు పెట్టెలు ఎక్కువ చేసేదాన్ని. మా ఆయనకు నా కోపం వల్ల లాభమే తప్ప నష్టం లేదు.

పెట్టెలో గొంతు మాత్రం నాది. ఫోనెత్తగానే "మోటారు ఆన్ అయినది" అనో, "మోటారు ఆఫ్ అయినది" అనో చెప్పాలి. ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, దుప్పటి కప్పుకుని, చెమటతో తడిసిపోతూ రికార్డు చేశాను. అలా నేను ఎన్నడూ చూడని ఊళ్ళకు నా గొంతు వెళ్ళింది. అది ఎవరిదని ఎవరూ అడగలేదు. కంప్యూటర్ అనుకున్నారు.

మొదట్లో నా పెట్టె ఐదు ఫోన్ నంబర్ల మాటే వినేది. వేరే నంబరు నుంచి ఎవరు చేసినా ఎత్తేది కాదు. బాగా ఆలోచించే అలా పెట్టాను. రైతులకు నచ్చలేదు. అనంతసాగరం నుంచి ఒకాయన వచ్చి, మా ఇంట్లో తొమ్మిది మందిమి, ఏ నలుగురిని వదిలెయ్యమంటావని మా ఆయన్ని నిలదీశాడు. ఇంకొకాయనకు రెండు ఇళ్ళు. రెండో ఇంటి నంబరు కూడా పెట్టాలి, అది మొదటి ఇంటికి తెలియకూడదు. మూడో ఆయన నెలకో సిమ్ మార్చేవాడు. మార్చినప్పుడల్లా తన మోటారు తననే గుర్తుపట్టడం లేదని పెట్టె ఊడదీసుకొచ్చి బల్ల మీద పడేసేవాడు. వేరే ఎవరో అమ్మే పెట్టె ఎవరు చేసినా పలుకుతుందని మా ఆయన ఎక్కడో విని వచ్చాడు. ఇక రోజూ అన్నం దగ్గర అదే మాట.

ప్రోగ్రాంలో ఒక్క వరుస తీసేస్తే చాలు. తీసేశాను. రెండో రోజుకల్లా మా ఆయన "ఏ ఫోన్ నుంచైనా" అని కొట్టు ముందు బ్యానరు కట్టించాడు. గిరాకీ పెరిగింది.

ఆ తర్వాత పెట్టెలకు ఎవరెవరో ఫోన్ చేయడం మొదలైంది. కొత్తగా కొన్న సిమ్ నంబరు చాలాసార్లు అంతకుముందు ఇంకెవరో వాడి వదిలేసినదే అయి ఉంటుంది. ఒక రైతు పెట్టెకు రోజూ పదకొండు గంటలకు హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసేది. "నమస్తే సార్, మంచి ఏరియాలో ప్లాట్లు ఉన్నాయి" అనేది. "మోటారు ఆన్ అయినది" అనేదాన్ని నేను. ఆ అమ్మాయి పెట్టేసేది. మధ్యాహ్నానికి ఇంకో అమ్మాయి చేసేది, మోటారు ఆగేది. చేను తడిసేది. సిమ్ మార్చుకోమని మా ఆయన చెబితే ఆ రైతు ఒప్పుకోలేదు. "మంచి టయానికే ఏస్తా ఉండాది, ఉండనీలే" అన్నాడు. ఈ సంగతి కొట్టుకు వచ్చిన ప్రతి మనిషికీ చెప్పి నవ్వించాను. నేనూ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాను.

ఇక తాళం సంగతి. పొలాల్లో ఎవరో పెట్టెలు తెరిచి సిమ్ కార్డులు ఎత్తుకుపోతున్నారని రైతులు గోల పెట్టారు. అందుకని స్టార్టరునూ మా పెట్టెనూ కలిపి ఒకే ఇనప పెట్టెలో బిగించి, దానికి గట్టి గొళ్ళెం పెట్టి అమ్మడం మొదలుపెట్టాం. రైతులకు నా సర్క్యూట్ కంటే ఆ గొళ్ళెం నచ్చింది. రెండు చేతులతో గుంజి చూసి, "ఇనుమంటే ఇదీ" అనేవారు. అది సిమ్ దొంగల కోసం పెట్టింది. లోపల మోటారు వేసేది ఇప్పుడు మనిషి వేలు కాదు, ఫోను. పెట్టెకు తాళం ఉన్నా లేకపోయినా ఫోనుకు ఒకటే. ఇది నాకు తెలుసు. రాసి కూడా ఇచ్చాను.

పెట్టెతో పాటు ఒక కాగితం ఇస్తాం. అందులో ఏడో అంశం ఇది: "మరమ్మతు సమయమునందు విద్యుత్ సరఫరాను పూర్తిగా నిలుపుదల చేయవలెను." ఈ వాక్యం నాది కాదు. ఇంట్లో మిక్సీతో వచ్చిన కాగితం చూసి రాశాను. మా ఆయన ఆ కాగితాలు అవసరానికి పదింతలు అచ్చు వేయించి, మిగిలిన కట్టలు పాత పేపర్ల వాడికి వేసేశాడు. ఒకసారి ఉదయగిరి బస్టాండులో వేయించిన బఠాణీలు కొంటే అందులోనే పొట్లం కట్టి ఇచ్చారు. ఏడో అంశం పూర్తిగా చదివిన మనిషిని నేనొక్కదాన్నే, అదీ బఠాణీలు తింటూ.

ఉదయగిరి కొండ కింద ఒక ఊళ్ళో పెద్ద రైతు ఒకాయన ఉన్నాడు. ఊరి మాటలన్నీ ఆయన ఇంటి పంచలోనే తేలుతాయి. అందరూ పెద్దాయన అంటారు, నేనూ అలాగే అంటాను. ఆయన బోరులో మోటారు పాడై పైకి ఎత్తుతున్నారని, మా పెట్టె ఎలా ఉందో చూడ్డానికి ఇంకో ఇద్దరు రైతులు కూడా అక్కడికి వస్తున్నారని తెలిసి మా ఆయనా నేనూ బండి మీద వెళ్ళాం.

మోటారు ఎత్తడానికి వచ్చిన మనిషి గురించి చెప్పాలి. గొర్రెలు కాచే ఇంటి మనిషి. అన్నదమ్ములంతా మందల వెంట పోతే ఈయనొక్కడు మోటార్ల వెంట పడ్డాడు. మూడు కాళ్ళ స్టాండు, గొలుసు, ఇద్దరు కూలీలు, అంతే సరంజామా. పైపు మీద అరచెయ్యి ఆనించి నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో చెప్పేవాడు. ఆయన వేసిన వైరు అతుకు ఏళ్ళ తరబడి నీళ్ళలో ఉన్నా ఊడేది కాదు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి రాగి తీగలను మెలితిప్పే తీరు పూలు కట్టినట్టుండేది. నేను వేసే టంకం కంటే అది బాగుంటుంది. ఇంకొకరి పని చూసి అంత తేలిగ్గా ముచ్చటపడే మనిషిని కాదు నేను. ఆ రోజు ముచ్చటపడ్డాను. ఎన్ని అడుగుల బోరని అడిగాను. ఆయన వెంటనే చెప్పకుండా ఒక్క క్షణం నా మొహం వైపే చూసి, తర్వాత చెప్పాడు.

పని మొదలుపెట్టే ముందు పెట్టె తలుపు మూశాడు. తాళం వేశాడు. గుంజి చూశాడు. చెవి మొలతాడుకు కట్టుకున్నాడు. అచ్చం మా నాయన చేసినట్టే.

పెద్దాయన ఆ ఇద్దరు రైతుల వైపు తిరిగాడు. "చూసినారా అబ్బా. ఈ తాళం ఏస్తే ఇంగ దేవుడు దిగొచ్చినా మోటారు తిరగదు. అట్టాంటి పెట్టె ఇది" అన్నాడు.

నేను గట్టు మీద నిలబడి విన్నాను. దేవుడు దిగిరానక్కర్లేదు, హైదరాబాదు అమ్మాయి చాలు. ఆ మాట చెప్పడానికే నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే ఆ ఇద్దరిలో ఒకాయన మా ఆయనతో, "అయితే మాకు గూడా రెండు రాసుకో సామీ" అన్నాడు. మా ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. నేను నోరు మూసుకున్నాను. మోటార్లెత్తే ఆయన తీగ కోసం వంగబోతూ ఒకసారి తలెత్తి నా వైపు చూశాడు. దాహమేస్తోందేమో అనుకుని నీళ్ళ సీసా అందించాను. తాగి, సీసా తిరిగిచ్చి, తీగ పట్టుకున్నాడు.

ఆ రోజు ఎవరూ ఫోన్ చేయలేదు.

తిరిగి వచ్చే దారిలో బండి వెనక కూర్చుని, "తాళం ఏసి పని చేస్తా ఉన్నాడు, చూసినావా?" అని మా ఆయన్ని అడిగాను. "కాయితంలో రాసినాం గదా" అన్నాడు. నాకు కావలసిన జవాబు అదే కాబట్టి ఇంకేం అడగలేదు.

మరుసటి ఎండాకాలం అదే బోరు, అదే మనిషి, అదే తాళం. అతుకు వేయడానికి మూడు తీగల కొసలూ గీకి కుడిచేతిలో పట్టుకున్నాడు. కరెంటు వచ్చి ఉంది. పెట్టెకు ఫోన్ వచ్చింది. పెట్టె ఎత్తింది. ఆ ఫోన్ కూడా హైదరాబాదులో ప్లాట్లు అమ్మేవాళ్ళదేనని తర్వాత ఆ నంబరుకు చేస్తే తెలిసింది. ఆ అమ్మాయి ప్లాటు గురించి ఎంతవరకు చెప్పగలిగిందో తెలియదు. నా గొంతు మాత్రం "మోటారు ఆన్ అయినది" అని చెప్పే ఉంటుంది. ఆ పనిలో నా పెట్టె ఎప్పుడూ తప్పు చేయలేదు.

కరెంటు విసురుకు అవతల పడ్డాడు కాబట్టి బతికాడు. నెల్లూరులో రెండు వేళ్ళు తీసేశారు, బొటనవేలూ చూపుడువేలూ. మిగిలిన మూడూ ముడుచుకోవు.

విషయం తెలిసిన సాయంత్రం నాయనకు ఫోన్ చేశాను. అంతా విని, "తాళం ఏసినాడా?" అన్నాడు.

"ఏసినాడు నాయనా. చెవి మొల్లోనే ఉండాది."

"మరి ఎట్ట తగిలింది?"

చెప్పాను. ఫోనుకు తాళంతో పని లేదని చెప్పాను. "నా పెట్టె గూడా అంతేనా?" అన్నాడు నాయన.

"అంతే."

"తాళం ఏసుకుని ఎన్నిసార్లు తీగ పట్టుకున్న్యానో తెల్సా నీకు?" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే బాగుండేది. "నాకు గూడా చెప్పలా నువ్వు" అని ఫోన్ పెట్టేశాడు. ఆయనది ఐదు నంబర్ల పాత పెట్టేనని, అందులో నాలుగు మా ఇంటివాళ్ళవేనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

పది రోజుల్లో ఊరు తీర్పు చెప్పేసింది. "ఫ్యూజులు పీకాలని తెలీదా వానికి? ఇన్నేళ్ళ సర్వీసు ఎందుకు?" అన్నారు. అన్నవాళ్ళలో ఒక్కరు కూడా జన్మలో ఫ్యూజు పీకి ఎరగరు. చెయ్యి పోయింది, పనిలో పేరు కూడా పోయింది. కూలీలతో పని చేయిస్తాను, పక్కన నిలబడి చెబుతానన్నా ఎవరూ మోటారు అప్పగించలేదు. షాకు కొట్టించుకున్న మనిషి చెబితే ఏం వింటామన్నారు. సంగం వైపు నుంచి ఇంకొకాయన్ని పిలిపించుకున్నారు. ఆయన కూడా వచ్చి ముందు పెట్టెకు తాళం వేసి, చెవి మొలకు కట్టుకున్నాడట.

మా ఆయన భయపడి నన్ను ఆత్మకూరు కోర్టు దగ్గర తెలిసిన ఒక వకీలు దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఇప్పుడు చట్టంలో వస్తువు తయారు చేసినోళ్ళని గూడా లాగొచ్చు" అన్నాడు వకీలు. మా ఆయన మొహం మాడిపోయింది. "కానీ వాడేవాడు తప్పుగా వాడితే చేసినోళ్ళకు సంబంధం ఉండదు. జాగర్తలు రాసిచ్చినారా?"

మా ఆయన కాగితం తీసి ఏడో అంశం చూపించాడు. వకీలు రెండుసార్లు చదివి చాలా సంతోషించాడు. ఆ వాక్యం చదివి సంతోషించిన మొదటి మనిషి ఆయనే.

"అందరూ ఒకే మాదిరి తప్పుగా వాడతా ఉంటే?" అని నేనడిగాను.

ఆయన మా ఆయనకు జవాబు చెప్పాడు. "అట్ట వాడతారని మీకు ముందే తెలుసునని ఎవురన్నా రుజువు చెయ్యాల. ఎవురు చేస్తారు? నోరు తెరవకుండా ఉండండి, చాలు."

నోరు తెరవకుండా ఉండడంలో నాకు అప్పటికే అనుభవం ఉంది.

ఆ నెలాఖరులో పెద్దాయన పంచలో పంచాయితీ పెట్టారు. పెట్టమని అడిగింది మోటార్లెత్తే ఆయనే. మమ్మల్ని కూడా రమ్మన్నారు. మగవాళ్ళు బెంచీల మీద కూర్చున్నారు. నాకు గుమ్మం దగ్గర కుర్చీ వేశారు. ఆయన మెట్టు మీద కూర్చుని, గుడ్డ చుట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. అది తనది కాదన్నట్టు, ఎవరో దాచమని ఇచ్చినట్టు పెట్టుకున్నాడు.

పెద్దాయన ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. "జరిగిందేదో జరిగింది. పనిలో పొరపాటు నాదేనని నువ్వు ఒప్పుకో. తలా ఇంత ఏసుకుని నీ ఇంటికి సాయం చేస్తాం" అన్నాడు.

"సాయం వద్దు సామీ" అన్నాడు ఆయన. "నేను తాళం ఏసినా. చెవి నా మొల్లోనే ఉండాది. మీరందురూ ఎట్ట చేస్తారో నేనూ అట్టనే చేసినా. నా పని తప్పు కాదని ఒక్క మాట చెప్పండి. ఆ మాట లేకుంటే నన్ను మళ్ళా ఏ బోరు కాడికీ పిలవరు."

ఎవరూ ఆ ఒక్క మాట చెప్పలేదు. చెబితే తప్పు ఇంకెవరిదో అవుతుంది. దేవుడు దిగొచ్చినా తిరగదని ఈ పెట్టె గురించి పది మందికి చెప్పింది పెద్దాయనే. ఆయన మా ఆయన వైపు తిరిగి, "ఏం అబ్బయా, పెట్టెలో లోపమేమన్నా ఉండాదా?" అన్నాడు.

మా ఆయన అలవాటు కొద్దీ నా వైపు తిరిగాడు. నేను ఆయనకు చెప్పాలి, ఆయన వాళ్ళకు చెప్పాలి. వకీలు మాట గుర్తుచేస్తూ కళ్ళతో సైగ కూడా చేశాడు. నేను లేచి పెద్దాయనకే చెప్పాను.

"ఉండాది. ఆ పెట్టె చేసింది నేను. ముందు ఐదు నంబర్లకే పలికేది. గిరాకీ కోసం అది తీసేసినా. తాళం ఏస్తే మోటారు తిరగదని మీరందురూ అనుకుంటారని నాకు తెలుసు, మా నాయన గూడా అట్టనే అనుకునేవాడు. తిరుగుద్దని గూడా నాకు తెలుసు. కాయితంలో ఎవురికీ అర్థం కాకుండా రాసినా. నోటితో చెప్పలా. ఆయన పని సరిగ్గానే చేసినాడు. నేను చెయ్యలా."

పెద్దాయన మా ఆయనతో, "ఏందబ్బా, ఇయ్యన్నీ ఆమె చేస్తాదా?" అన్నాడు. నేను చెప్పినదాంట్లో ఆయనకు నమ్మలేనిదిగా తోచింది అదొక్కటే.

"అవును సామీ. మొత్తం ఆమే" అన్నాడు మా ఆయన. ఆరేళ్ళలో ఆ మాట బయట అనడం అదే మొదటిసారి. తప్పు మా మీద పడుతున్నప్పుడు అన్నాడని నాకు తెలుసు. అయినా సంతోషం వేసింది. అలాంటి చోట సంతోషం వేసినందుకు సిగ్గేసింది కూడా.

"అయితే వాని పనిలో తప్పు లేదు" అన్నాడు పెద్దాయన అందరికీ వినపడేలా. తప్పు మోయడానికి ఇంకొకరు దొరికాక ఆ మాట అనడం ఆయనకు కష్టం కాలేదు. వైద్యం, ఇంటి ఖర్చు మేము చూసుకునేట్టు మాట్లాడుకున్నాం. మోటార్లెత్తే ఆయన నాతో ఒక్క మాట కూడా అనకుండా లేచి వెళ్ళిపోయాడు. వకీలు మాత్రం ఈ సంగతి విని ఇప్పటికీ మా వీధిలోకి వస్తే తల తిప్పుకుంటాడు.

అమ్మిన పెట్టెలన్నీ వెనక్కి తెప్పించాం. బ్యానరు దించాం. మొదట తెప్పించింది నాయనది. పోస్టులో పంపకుండా ఆయనే బస్సెక్కి తెచ్చి బల్ల మీద పెట్టి, నా ఎదురుగా కూర్చున్నాడు. మిగతా అన్నిటిలోనూ ఐదు నంబర్ల వరుస మళ్ళీ రాశాను. తొమ్మిది మందున్న ఇంటాయన వచ్చి అరిచి వెళ్ళాడు. అరవనిచ్చాను. అయితే ఐదు నంబర్లు పెట్టినంత మాత్రాన సరిపోదు. ఆ ఐదుగురిలో ఒకరు ఇంట్లోంచి ఫోన్ చేసినా తీగ పట్టుకున్న మనిషికి అంతే. రాగి తీగ తీసి ఫ్యూజులు పెట్టుకోండి, పనికి ముందు పీకండని ఊరూరా తిరిగి చెప్పొచ్చు. విని తలూపుతారు, వెళ్ళి తాళం వేసుకుంటారు. మా నాయన ఆసుపత్రిలో కూడా ఆ తాళంచెవిని నా పిడికిట్లో పెట్టి గానీ వదల్లేదు. కాబట్టి తాళం వేస్తే మోటారు తిరగదన్న వాళ్ళ నమ్మకాన్నే నిజం చేయడం తేలిక అనిపించింది. తాళం వెనక ఒక పెద్ద స్విచ్చి పెట్టాను. చెవి తిప్పితే మోటారుకు పోయే మూడు తీగలకూ లోపల కరెంటు తెగిపోతుంది. కరెంటు తెగనిదే చెవి బయటికి రాదు. ఇది అనుకున్నట్టు రావడానికి నాలుగు నెలలు పట్టింది.

గొంతు కూడా మళ్ళీ రికార్డు చేశాను. ఈసారి మిక్సీ కాగితం భాష వద్దనుకున్నాను. ఇంట్లో మాట్లాడినట్టే చెప్పాను.

మొదటి పెట్టె పెద్దాయన బోరు దగ్గరే బిగించాం. మోటార్లెత్తే ఆయన్ని చూసి చెప్పమని కబురు పెట్టాను. వస్తాడనుకోలేదు. వచ్చాడు. అప్పటికి ఒకటి రెండు బోర్లకు మళ్ళీ పిలుస్తున్నారు, ఆయన చెబితే కూలీలు చేస్తున్నారు. పెట్టె చుట్టూ తిరిగి చూశాడు. ఎడమచేత్తో తాళం వేశాడు, రెండుసార్లు జారింది. సాయం చేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. చెవి మొలతాడుకు కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. మేమంతా ఎటో చూస్తూ నిలబడ్డాం.

"ఆగుద్దా?" అన్నాడు.

"ఆగుద్ది" అన్నాను.

"ఆ రోజు గూడా నిన్నే చూసినా" అన్నాడు. "పెద్దాయన మాట నేను నమ్మలా. ఆయన అట్టాంటియ్యి శానా చెప్తాడు. మోటారు దించినాక ఫోన్ చేసి చూస్తా గదా, ఆ పెట్టెలో గొంతు నాకు తెల్సు. ఎన్ని అడుగుల బోరు అని నువ్వు అడిగినప్పుడే గుర్తుపట్టినా. చేసినామె గట్టు మీదనే ఉండాది, నేను తాళం ఏసేది చూస్తా ఉండాది, తప్పయితే చెప్తాది గదా అనుకున్న్యా. తలెత్తి చూసినా. నువ్వు నీళ్ళిచ్చినావు."

ఆరేళ్ళలో ఆ పెట్టె ఎవరు చేశారో తెలుసుకున్న మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ తెలుసుకోవడం వల్లే అతని చెయ్యి పోయింది.

ఆయన బోరు దగ్గరికి వెళ్ళి, మూడు తీగల కొసలూ ఎడమచేత్తో ఎత్తి నా వైపు చాపాడు. "పట్టుకో. నేను ఫోన్ చేస్తా" అన్నాడు.

"టెస్టర్ పెట్టి చూస్తే సరిపోద్ది గదా" అన్నాడు మా ఆయన గట్టు మీద నుంచి. నేను చెప్పులు విప్పేసి, తీగలు కుడిచేత్తో పట్టుకున్నాను. రాగి ఎండకు కాలి ఉంది. పెట్టెలో వేసిన ప్రతి టంకమూ వరుసగా గుర్తొచ్చింది. స్విచ్చి దగ్గర ఒక స్క్రూ రెండోసారి బిగించానా లేదా అన్నది మాత్రం గుర్తుకు రాలేదు. ఆయన తన నంబరు పెట్టెలో ఉందో లేదో అడిగాడు. మొదటి నంబరు మీదేనని చెప్పాను. ఎడమ బొటనవేలితో ఒక్కొక్క అంకే నొక్కి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టాడు. రెండు రింగులకు పెట్టె ఎత్తింది.

"తాళం ఏసి ఉండాది. మోటారు తిరగదు" అంది నా గొంతు.

తీగలు కింద పెట్టబోయాను.

"ఉండు" అని, ఆయన ఇంకోసారి చేశాడు.